పురుగుల డాక్టర్ల సభలో ఒకాయన

ఆయన పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. గొంతులో ఏడుపు లేదు. "తెల్లారగట్ల ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండి మేడమ్ గారూ. సాయంత్రం భూస్థాపన. మీకు తప్పకుండా చెప్పమని ముందే అన్నారండి," అంది. వస్తున్నానమ్మా అని ఫోన్ పెట్టేసి కాలేజీ వరండాలోనే నిలబడిపోయాను. ఎవరితోనైనా చెప్పుకుందామంటే మా స్టాఫ్ రూములో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. పోయిందెవరని అడిగితే ఏం చెప్పాలో కూడా తోచలేదు. నాకు బంధువు కాదు. స్నేహితుడంటే ఆయనే ఒప్పుకునేవారు కాదేమో. ఒకే విషయం మీద జరిగిన సభలకు ఏళ్ళ తరబడి కలిసి వెళ్ళొచ్చినవాళ్ళం, అంతే.

ఆయన పేరు రాయను. దాచవలసిన పేరేమీ కాదు, బైబిల్లోని మంచి పేరే. కానీ చాలాకాలం ఆ పేరు ఎవరు పలికినా వెనకే తాగుబోతు అనే మాట కూడా పలికేవారు. ఆ మాట లేకుండా తన పేరు వినడం ఆయనకు చివరి కొద్దికాలమే దక్కింది. మిల్లుల్లో ఆయన్ని గ్యాసు మేస్త్రీ అనేవారు. నేనూ మేస్త్రీ గారనే పిలిచాను.

ముందుగా గుర్తొచ్చేవి ఆయన చేతులు. ఎప్పుడూ వణికేవి. టీ కొట్టులో "సగమే పొయ్యండి" అనేవారు. నిండుగా పోస్తే ఒలికిపోతుందని. ఆ సగాన్నీ రెండు చేతులతో పట్టుకుని, గ్లాసును నోటి దగ్గరికి తేకుండా నోటినే గ్లాసు దగ్గరికి వంచేవారు. చొక్కా గుండీలు భార్య పెట్టాలి. ఊరు వెళ్తే ఎలాగని అడిగితే, "ఇంటిదగ్గర పెట్టినవి మళ్ళీ ఇంటికి వెళ్ళాకే విప్పుతానండి," అన్నారు నవ్వుతూ. నడిచేటప్పుడు ఎడమచేతి వేళ్ళు గోడకు ఆనించుకుని నడిచేవారు. గోడ అయిపోతే ఆగి, ముందున్న ఖాళీని ఒకసారి కొలుచుకున్నట్టు చూసి, అప్పుడు అడుగు వేసేవారు. అయినా అడుగు పక్కకి పడేది. చూసినవాళ్ళు ఏమనుకుంటారో ఆయనకి తెలుసు. అందుకే పడబోయినా ఎవరి భుజమూ పట్టుకునేవారు కాదు.

మాట కూడా ముద్దగా వచ్చేది. ఒక్కో మాటనీ నోట్లో తిప్పుకుని బయటికి తెచ్చేవారు. ఏ మాట తడబడినా చివర "అండి" మాత్రం స్పష్టంగా పలికేది. ఆ ఒక్కదానికీ ఆయన నాలుక అలవాటు తప్పలేదు.

నేను తాడేపల్లిగూడెంలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మిథైల్ బ్రోమైడ్ అనే గ్యాసు మీద తరచుగా సభలు జరిగేవి. నిలవ బియ్యంలో పురుగు చావడానికి వాడే గ్యాసు అది. బస్తాల నెట్టు మీద మందపాటి ప్లాస్టిక్ గుడ్డ కప్పి, అంచుల వెంబడి ఇసుక సంచులు పరిచి, గొట్టంతో లోపలికి వదులుతారు. ఒకటి రెండు రోజులు ఉంచితే చాలు, పురుగన్నది మిగలదు. తర్వాత గుడ్డ లాగేసి గాలికి వదిలేస్తారు. అలా వదిలేసిన గ్యాసు పైకి పోయి, ఎండలోని చెడు కిరణాలను వడగట్టే ఓజోన్ పొరను తినేస్తోందని తేలింది. దేశాలన్నీ కూర్చుని దాన్ని మానేద్దామని ఒప్పుకున్నాయి. పెద్ద దేశాలు ముందు, మనలాంటివాళ్ళు కొన్నేళ్ళ తర్వాత. మరి మానేసి దాని బదులు ఏం వాడాలి? అది తేల్చడానికే ఆ సభలు.

అలాంటి సభ ఒకటి ఏలూరులో పెట్టారు. చుట్టుపక్కలంతా బియ్యం మిల్లులే కదా. స్థానికంగా చూసుకునే పని నాకు అప్పజెప్పారు. శాస్త్రజ్ఞులతో పాటు ఆ గ్యాసు పని చేసిన మనిషి ఒకరు మాట్లాడితే బాగుంటుందని ఎవరో అన్నారు. మా తాడేపల్లిగూడెంలోనే నాకు తెలిసిన ఒక మిల్లు యజమానిని అడిగితే, "ఉన్నాడండీ ఒకడు. పదిహేనేళ్ళు ఈ జిల్లాలో ఆ పని వాడిదే. కానీ తాగుడికి పాడైపోయాడు. గ్యాసు కంపెనీవాళ్ళు తీసేస్తే జాలిపడి మా గేటు దగ్గర కూర్చోబెట్టాను. స్టేజీ ఎక్కిస్తే మీ పరువు పోతుందండి," అన్నాడు.

గేటు దగ్గరికి వెళ్ళాను. స్టూలు మీద కూర్చున్నాయన నన్ను చూసి లేవబోయి గోడ పట్టుకున్నారు. ఒంటి మీద ఉతికిన తెల్లచొక్కా. దగ్గరగా నిలబడి మాట్లాడినా ఏ వాసనా లేదు. సభ సంగతి చెప్పాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగారు.

"ఆ సభకి డాక్టర్లు వస్తారాండీ?"

"చాలామంది వస్తారండి."

"అయితే వస్తానండి."

ఎందుకడిగారో నాకప్పుడు తెలియదు.

సభ రోజున హాలు నిండింది. ముందు వరసల్లో బయటి నుంచి వచ్చినవాళ్ళు, వెనక మిల్లర్లు. ఒక శాస్త్రజ్ఞుడు తెరమీద ఓజోన్ పొరకు పడిన చిల్లు చూపించాడు. ఆ తర్వాత మేస్త్రీ గారిని పిలిచారు. ఆయన గోడ వెంబడి నడిచి, మెట్ల దగ్గర ఆగి, పైకెక్కారు. మైకు పట్టుకుంటే అదీ వణికింది, స్పీకర్లలో గరగరమని మోగింది. గ్యాసు వదిలేటప్పుడు ఎలాంటి జాగ్రత్తలు తీసుకునేవారో చెప్పండి అని అడిగారు. ఆయన గొంతు సర్దుకున్నారు.

"నేను తాగనండి," అన్నారు.

వెనక వరసల్లోంచి నవ్వులు లేచాయి. ముందు కూర్చున్నవాళ్ళు తెలుగు రానివాళ్ళు, ఎందుకు నవ్వుతున్నారో తెలియక వాళ్ళూ చిరునవ్వు నవ్వారు. ఆయన మళ్ళీ ఏదో చెప్పబోయారు. నాలుక తిరగలేదు. సమయం మించిపోతోందని అధ్యక్షుడు చప్పట్లు కొట్టించి కిందికి పంపేశాడు.

భోజనాల దగ్గర నా పక్కకి వచ్చి నిలబడ్డారు. అవమానం గురించి మాట్లాడతారేమో అనుకున్నాను. "మేడమ్ గారండి, ఆ చిల్లు ఎక్కడుందండి? మన మీదేనా?" అని అడిగారు.

"కాదండి. భూమికి అటు చివర, మంచు ఖండం మీద."

"అంత దూరం పోయిందాండి!" అన్నారు. "మా గోడౌన్లోంచి నేను వదిలింది కూడా ఉంటదండి అందులో," అన్నారు. తప్పు చేసి దొరికిపోయినవాడిలా ఉంది ఆ ముఖం.

ఆ మధ్యాహ్నమే ఆయన డాక్టర్ల కోసం ఎందుకు వచ్చారో తెలిసింది. సభకు వచ్చిన అందరి మెడలోనూ కార్డులున్నాయి. సగం కార్డుల మీద పేరుకు ముందు 'డా.' అని ఉంది. ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, వినయంగా వంగి, "డాక్టరు గారండి, ఒక్కసారి నా చెయ్యి చూడండి," అంటున్నారు. ఒకాయన తెలుగువాడే, కంగారుపడి, "నేను ఆ డాక్టర్ని కాదండి, పురుగుల డాక్టర్ని," అన్నాడు. ఇంకొకాయన విత్తనాల డాక్టరు. ఇంకొకావిడ నాలాగే కెమిస్ట్రీ. సాయంత్రానికి అందరినీ అడగడం అయిపోయింది.

"ఇంతమంది డాక్టర్లున్నారు. మనుషుల డాక్టరు ఒక్కరూ లేరేంటండీ?" అన్నారు నాతో.

ఆ మాటకి మొదట నవ్వొచ్చింది. బస్సెక్కాక నవ్వు పోయింది.

తర్వాత పెదపాడు పక్కనున్న వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు మిగతాది ఆయన భార్య చెప్పింది. చేపల చెరువుల్లో కూలికి వెళ్ళే మనిషి ఆవిడ. వాళ్ళది పాతకాలపు మిషను చర్చి కుటుంబం. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది ఈయనే. మంచి గొంతు. కాకినాడలో ఓడ బయలుదేరిపోతోంది, లారీలకి బియ్యం ఎత్తాలి అని మిల్లువాళ్ళు తొందరపెట్టిన రోజొకటి ఉంది. గోడౌనులో గాలి ఇంకా తేటపడలేదు. తన ముఠా వాళ్ళని బయట ఉంచి, గుడ్డలన్నీ తానొక్కడే లాగేశారు. ఆ గ్యాసుకు వాసన ఉండదు. వారం పదిరోజుల్లో కాళ్ళు తడబడ్డాయి. నెలలోపు మాట ముద్దయింది. కళ్ళకు ఒకటి రెండుగా కనిపించేది. అక్షరాలు రెండేసి కనిపిస్తున్నా, తనకు నోటికొచ్చిన కీర్తనే కదా అని ఒక ఆదివారం చదవడానికి నిలబడ్డారు. మాటలు కలిసిపోయి, పక్కకి తూలి, బల్ల పట్టుకున్నారు. మందిరంలోకి తాగి వచ్చాడన్నారు. అయ్యగారు, అంటే పాస్టరు గారు, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు. ఆస్పత్రికి వెళ్తే అక్కడ మొదటి ప్రశ్న, రోజుకెంత తాగుతావని.

"నేను ఆయన పక్కన పడుకునేదాన్నండి. తాగితే నాకు తెలియదాండీ?" అంది ఆవిడ. "కానీ ఆడదాని మాట ఎవరు వింటారండి? మొగుణ్ణి వెనకేసుకొస్తోంది అంటారు."

ఊరు అనుకున్నదానికి ఆయన ఎలాగో ఓర్చుకున్నారు. తండ్రి అనుకున్నదానికి ఓర్చుకోలేకపోయారు. ఆ ముసలాయన పక్కింట్లోనే ఉండేవాడు. చిన్నప్పుడు తన తండ్రి తాగి తాగి కాలవలో పడి పోవడం కళ్ళారా చూసినవాడు. కల్లు వాసన వచ్చే వీధిలో నడవడు. మందిరంలో తూలినవాడు నాకు కొడుకు కాదని ఆ ఆదివారమే చెప్పేశాడు. అప్పటినుంచి వీళ్ళింట మంచినీళ్ళు కూడా తాగలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. ఈయన మాత్రం రోజూ పొద్దున్నే గోడకు ఇవతల నిలబడి, "నాన్నా, బాగున్నావా?" అని అడిగేవారు. జవాబు వచ్చేది కాదు. అడగడం మానలేదు.

ఆ తర్వాత ఈ గ్యాసు మీద ఎక్కడ సభ జరిగినా, నేను వెళ్తున్నానని తెలిస్తే ఆయన వచ్చేవారు. మిల్లు గేటు దగ్గర సెలవడిగి, భార్య చేత గుండీలు పెట్టించుకుని, రైలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చునేవారు. మాట్లాడమని ఎవరూ పిలిచేవారు కాదు. వెనక వరసలో, కిటికీ ఉంటే దాన్ని తెరిచి, దాని పక్కన కూర్చునేవారు. బస్తాల మధ్య పెట్టే మాత్రల మందు గురించి, బొగ్గుపులుసు గాలి గురించి, ధాన్యాన్ని వేడిచేయడం గురించి వక్తలు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే శ్రద్ధగా వినేవారు. అర్థమయిందా అని అడిగితే, "లేదండి. కానీ మంచి పని కోసమే చెప్పుకుంటున్నారు కదండి," అనేవారు. టీ వేళకు లేచి మళ్ళీ మెడలో కార్డులు చూసుకుంటూ తిరిగేవారు. మేం మూడు ఊళ్ళు తిరిగాం. ఎక్కడా మనుషుల డాక్టరు లేరు. నా మటుకు నేను ఏలూరులో, విజయవాడలో ఇద్దరికి చూపించాను. ఒకరు నరాల బలహీనత అన్నారు. రెండో ఆయన నన్ను బయటికి పిలిచి, ముందు తాగుడు మాన్పించండి అన్నాడు.

దొరికింది మళ్ళీ ఏలూరులోనే. రెండోసారి అక్కడ సభ పెట్టినప్పుడు మద్రాసు నుంచి ఒకావిడ వచ్చింది. ఫ్యాక్టరీ కూలీలకు పని వల్ల వచ్చే జబ్బులు చూసే డాక్టరు. సన్నగా, జుట్టు కత్తిరించుకుని, నూలుచీరలో ఉంది. మేస్త్రీ గారు అలవాటు ప్రకారం వెళ్ళి, "డాక్టరు గారండి," అన్నారు. ఆవిడ వెంటనే చేయి పట్టుకుంది. ఆయన ఉలిక్కిపడ్డారు. ఇన్నాళ్ళలో ఏ సభలోనూ ఆ చేయి ఎవరూ పట్టుకోలేదు.

వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, తన వేలిని ఒకసారి, ఆయన ముక్కును ఒకసారి ఆయన వేలితో తాకమంది. గీత మీద నడవమంది. కళ్ళలోకి టార్చి వేసి చూసింది. ఎన్నేళ్ళు ఆ పని చేశారు, ముసుగు ఉండేదా, ఆ రోజు లోపల ఎంతసేపు ఉన్నారు అని ఓపిగ్గా అడిగింది. నేను తెలుగు చేసి చెబుతూ వచ్చాను. చివరికి వచ్చీరాని తెలుగులో తానే అంది: "ఇది తాగడం వల్ల కాదు. ఆ గ్యాసు వల్ల. పూర్తిగా తగ్గదు. మూర్ఛలు కూడా రావచ్చు. మందులు రాస్తాను."

ఆయన మొదటి మాట దగ్గరే ఆగిపోయారు.

"ఆ మాట మా ఊళ్ళో చెప్తారాండీ?"

"కాయితం మీద రాసి ఇస్తాను."

"కాయితం వద్దండి. మా నాన్నకి చదువు రాదు. డబ్బులిచ్చి రాయించుకున్నానంటారు. మీరు నోటితో చెప్పాలండి."

మర్నాడు ఆదివారం. సభకు వచ్చినవాళ్ళందరినీ బస్సులో కొల్లేటికి, పక్షుల్ని చూడ్డానికి తీసుకెళ్తున్నారు. డాక్టరమ్మ బస్సెక్కలేదు. నేనూ, ఆవిడా, మేస్త్రీ గారూ ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాం. మందిరం కనిపించగానే ఆయన, చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని నన్నడిగారు.

ప్రసంగం అయ్యాక అయ్యగారు ఒప్పుకుని డాక్టరమ్మను ముందుకు పిలిచారు. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు చాపల మీద కూర్చున్నారు. ముందు వరసలో చేతికర్ర పక్కన పెట్టుకుని ముసలాయన ఉన్నాడు. ఆవిడ నేర్చుకున్న నాలుగు మాటలూ మెల్లగా, గట్టిగా చెప్పింది. "ఇతను తాగి ఇలా అవలేదు. బియ్యానికి పెట్టే గ్యాసు పీల్చి ఇలా అయ్యాడు. నేను పరీక్ష చేశాను. అందుకే చెబుతున్నాను."

ముసలాయన తలెత్తాడు.

"కల్లు కూడా కాదాండి, అమ్మా?"

"ఏదీ కాదు, తాతగారూ."

ముసలాయన కర్ర తీసుకోకుండానే లేచాడు. గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డ కొడుకు దగ్గరికి వచ్చి, వణుకుతున్న ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు, ఆపేద్దామన్నట్టు. అది ఆగలేదు. ముసలాయన చేతులు కూడా దానితో పాటే ఊగాయి. "తాగలేదని మొదటి రోజే చెప్పావు కదరా," అన్నాడు. మేస్త్రీ గారు, "ఇంటికి రా నాన్నా. అన్నం తిందువు గాని," అన్నారు.

కథయితే ఇక్కడితో ఆపేసేదాన్ని.

ఆడవాళ్ళ వైపు నుంచి ఒకమ్మాయి లేచి నిలబడింది. చంకలో బిడ్డ. "డాక్టరమ్మ గారండీ, మా ఆయనకి ఒకటి రెండుగా కనపడుతోందంటున్నాడండి," అంది. ఆ వెనకాల ఇంకొకావిడ. "మా వాడు అన్నం ముద్ద పట్టుకోలేకపోతున్నాడండి. అది కూడా అదేనాండీ?" మగవాళ్ళ వైపు కొందరు తలలు వంచుకున్నారు. కొందరు తమ చేతుల వంక చూసుకున్నారు.

వాళ్ళంతా మేస్త్రీ గారి ముఠా. ఆయనే ఈ సంఘంలోంచి, ఈ చాపల మీంచి ఒక్కొక్కర్నీ గ్యాసు పనికి తీసుకెళ్ళారు. పొలం కూలి కంటే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి, నీడపట్టున పని అని. ఆయన్ని తీసేశాక ముఠాకు పెద్ద అయింది ఆయన బావమరిది, భార్యకు సొంత తమ్ముడు. ఇన్నాళ్ళూ వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. బావ తాగాడు, పాడైపోయాడు. మనం తాగం కదా.

డాక్టరమ్మ మందిరం అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా అందర్నీ చూసింది. కొందరికి ఏమీ లేదంది. కొందరి విషయంలో మాట్లాడకుండా ఏదో రాసుకుంది. ఆ పని వెంటనే మానెయ్యమని అందరికీ చెప్పింది. మేస్త్రీ గారు కిటికీ ఊచ పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. అన్నం చల్లారిపోతోందని తండ్రి రెండుసార్లు పిలిచాడు. కదల్లేదు.

మమ్మల్ని ఆటో ఎక్కించడానికి వచ్చినప్పుడు నెమ్మదిగా అన్నారు: "నేను తాగుబోతుగా ఉండిపోయినా బాగుండేదేమోనండి."

"అలా అనకండి మేస్త్రీ గారూ. తెలియకపోతే వాళ్ళూ మీలాగే అయ్యేవారు."

"మరేనండి. మంచికేనండి." ఆయన తల ఊపారు. "కానీ ఈ పనిలోకి తీసుకెళ్ళింది నేనే కదండి. వాళ్ళ తల్లులు నన్ను చూసి పంపించారండి."

ఆ సాయంత్రం నుంచి ఆయన ఇల్లిల్లూ తిరిగారట, ఆ పని మానెయ్యమని. ముగ్గురు నలుగురు మానేశారు. మిగతావాళ్ళకు దారి లేదు. ఆ ఏడే ప్రభుత్వంవాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు కోసం అది జరగాల్సిందేనని చదువుకున్నవాళ్ళం అనుకున్నాం. చెరువు పనికి వెళ్ళే ఊళ్ళన్నీ ఒక్కసారి ఖాళీ చేతులతో కూర్చున్నాయి. "చెరువులూ పోయాయి, గ్యాసూ మానేస్తే ఏం తినమంటావు బావా?" అని బావమరిది అడిగితే ఈయన దగ్గర జవాబు లేదు.

జవాబు సభలో దొరుకుతుందనుకున్నారు. హైదరాబాదు సభకు వచ్చారు. ఈసారి ఎవరి మెడలోని కార్డూ చూడలేదు. ప్రశ్నలు అడగమన్నప్పుడు చెయ్యెత్తారు. "ఈ గ్యాసు ఎప్పుడు ఆపుతారండి?" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. వేదిక మీదున్న అధికారి మంచివాడు, విసుక్కోకుండా వివరించాడు. ఏ దేశానికి ఎంత గడువో చెప్పి, "అయితే ఎగుమతి సరుకుకు మినహాయింపు ఉంది. పురుగు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోకూడదు కదా," అన్నాడు.

"ఓడెక్కే బియ్యానికి ఆపరాండీ?"

"ఇప్పట్లో ఆపరు."

ఆయన చేసిందంతా ఓడెక్కే బియ్యమే. "మరేనండి," అని కూర్చున్నారు. తిరుగు రైల్లో ఖమ్మం దాటాక అన్నారు: "ఆకాశం గురించి ఇంతమంది ఆలోచిస్తున్నారండి. చాలా మంచిది. కింద ఉన్న నలుగురి సంగతి నేను చూసుకోవాలండి." మళ్ళీ ఏ సభకూ ఆయన రాలేదు.

మిల్లు గేటు ఉద్యోగం మానేశారు. ముఠా ఎక్కడికి పనికి వెళ్తే అక్కడికి ఆయనా వెళ్ళేవారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ కూలి ఇవ్వలేదు. గుడ్డలు కప్పి గ్యాసు వదిలాక ఆ గోడౌను గుమ్మంలో అడ్డంగా కూర్చునేవారు. గ్యాసు జాడ పట్టే దీపం ఒకటుంటుంది. గాలిలో గ్యాసు ఉంటే దాని మంట రంగు మారుతుంది. గుడ్డలు తియ్యబోయే ముందు తలుపులన్నీ బార్లా తీయించి, బయట ఎంతసేపైనా ఆగమనేవారు. వెలిగించిన దీపం పొడుగాటి కర్రకు కట్టి లోపలికి పెట్టించేవారు. మంట మామూలు రంగులో ఉందని తన కళ్ళతో చూస్తే తప్ప లేచేవారు కాదు. తన కళ్ళు ఒక మంటను రెండుగా చూస్తాయి కాబట్టి, రెండు మంటలూ మామూలుగానే ఉండాలనేవారు. లారీలవాళ్ళు తిట్టేవారు. మిల్లువాళ్ళు ఆయన్ని రానివ్వకుండా గేటు వెయ్యమనేవారు. ఆ రోజుల్లో ఒకసారి గూడెంలో కనిపిస్తే, మీ ఆరోగ్యం చూసుకోండి అన్నాను. అప్పటికే మూర్ఛలు మొదలయ్యాయి. "తలుపు తియ్యడం ఎవరైనా చేస్తారండి. తీశాక ఆగడమే కష్టం. ఆగడానికి మనిషి కావాలి కదండి," అన్నారు. ఆయన నాతో అన్న చివరి మాట ఇదే.

మూర్ఛల్లోనే పోయారు. నేను వెళ్ళేసరికి పెట్టె మందిరం ముందు ఉంది. తండ్రి దాని తల వైపు కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళు ఎవరో కూడా చూడకుండా పెట్టె అంచు నిమురుతున్నాడు. భూస్థాపన అయ్యాక ఆయన భార్య నా చేతులు పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది.

నన్ను ఏలూరు స్టేషనుకి ఆటోలో దింపింది ఆ బావమరిదే. గ్యాసు పని ఎప్పుడో మానేశాడట, ఆటో నడుపుకుంటున్నాడు. పెదపాడు దాటాక, వెనక్కి తిరక్కుండానే మొదలుపెట్టాడు.

"బావ గోడౌన్ల దగ్గరికి వస్తుంటే నాకు సిగ్గేసేదండి. ముఠాకి పెద్దని నేను. మాట చెల్లేది ఆయనది. ఒకరోజు లారీలు వరసగా ఆగిపోయాయండి. మిల్లాయన నన్ను నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. బావేమో గుమ్మంలోంచి లేవట్లేదు. ఒళ్ళు తెలియని కోపం వచ్చి, చెయ్యి పట్టుకుని ఈడ్చేశానండి. బోర్లా పడ్డాడు."

ఎదురుగా బస్సు వస్తే ఆటో పక్కకు తీసి, అది పోయేదాకా ఆగాడు.

"లేవడానికి ఎంతసేపు పట్టిందోనండి. ఎవరూ సాయం పట్టలేదు. నేనూ పట్టలేదు. లేచి, లుంగీ దులుపుకుని, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నాడు. నన్ను చూసి, 'దెబ్బ తగల్లేదురా, కంగారుపడకు' అన్నాడండి. పెదవి చిట్లి రక్తం కారుతోంది."

"తర్వాత?"

"దీపం మామూలుగా వెలిగేదాకా నేనూ ఆయన పక్కనే కూర్చున్నానండి. మర్నాటి నుంచి మళ్ళీ ఆ పనికి పోలేదు."

"ఎందుకు మానేశారో మీ బావగారికి చెప్పారా, బాబూ?"

"లేదండి. ఆటో మీద మోజుతో మానేశాననుకున్నాడు. అలాగే అనుకోనిచ్చాను. ఎప్పుడో ఒకప్పుడు చెబుదాంలే అనుకున్నానండి."

స్టేషను వచ్చింది. దిగి, వెళ్ళొస్తాను బాబూ అన్నాను. అతను తల ఊపాడు కానీ బండి తిప్పలేదు. నేను మెట్లెక్కి వెనక్కి చూసేసరికి, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి, వాటి మీద తల ఆనించి కూర్చుని ఉన్నాడు. వెనకున్న ఆటోలవాళ్ళు హారన్లు కొడుతున్నారు.